జానెడు నీడ

సాయంత్రం నమాజుకు పిలిచే అస్ర్ అజాన్ వినపడగానే పిల్లలంతా మసీదు గోడ పక్కన బారులు తీరారు. ఆ వేళకు మనిషి నీడ మనిషంత పడుతుంది. చిన్నతనంలో గట్టి దెబ్బ తిన్నవాళ్ల నీడ మాత్రం కురచైపోతుంది, మళ్లీ పెరగదు. ఈజిప్టులో మిన్యా రాతి క్వారీల కింద బతికేవాళ్లకు ఇదేం వింత కాదు. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు కూడా ముందు నీడే చూస్తారు.

కైరో నుంచి వచ్చిన డాక్టర్ షెరిహాన్ పని, పిల్లలు పడ్డ కష్టాలను కొలవడం. ప్రశ్నలు అడిగితే తల్లులు అబద్ధాలు చెబుతున్నారని టేపు పట్టుకుంది. నీడ జానెడు తగ్గిన పిల్లలకు పట్నంలో హాస్టలూ చదువూ. తగ్గనివాళ్లకు బిస్కెట్ ప్యాకెట్.

బదావీకి బిస్కెట్ ప్యాకెట్ వచ్చింది.

"నిండైన నీడమ్మా! బాగా పెంచావు," అంది డాక్టరు.

బదావీ తల్లి ఇన్షిరాహ్ ఆ ప్యాకెట్ తిరిగి చాపింది. క్వారీ రంపం మొగుడి వేళ్లు తినేసింది. పండగ వెళ్లగానే తన బదులు కొడుకును పంపుతానని అతను మేస్త్రీకి మాటిచ్చేశాడు. మొగుడి దెబ్బలు పిల్లాడి మీద పడకుండా ఇన్నేళ్లూ ఆమే అడ్డం పడింది. ఇప్పుడదే నేరమైంది.

"నా నీడ కొలవండి డాక్టరమ్మా, మోకాలెత్తు కూడా లేదు."

"పెద్దవాళ్లను కొలవం. మిగిలినవాళ్లు రేపు రండి."

పక్కింటి అతియాత్ పకపకా నవ్వింది. "యువరాజులా పెంచావుగా బదావీ తల్లీ, అనుభవించు! మావాడి నీడ చూడు, గుమ్మం కూడా దాటదు. అంతా మా ఆయన చలవ!"

ఇంటికొచ్చి ఇన్షిరాహ్ చెప్పు తీసి కొడుకును చితకబాదింది. వాడు కాసేపు ఏడ్చి, వచ్చి ఆమె ఒళ్లోనే తల పెట్టుకున్నాడు. నీడ వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. ప్రేమించే చేతి దెబ్బ నీడకు తగలదు, ఏం చేస్తాం.

మర్నాడు మధ్యాహ్నం బియ్యం కూరిన పావురం వండింది. వాడు వేళ్లు నాక్కుంటూ తిన్నాడు.

"భలే ఉందమ్మా! జైతూనాకి నాలుగు మెతుకులు పెట్టనా? పొద్దున్నుంచీ కనపళ్లేదు."

జైతూనా వాడు గుడ్డు నుంచి పెంచుకున్న పావురం. రాత్రిళ్లు వాడి భుజం మీదే నిద్రపోయేది.

"ఇప్పుడేగా తిన్నావు," అంది ఇన్షిరాహ్. చాలదేమోనని నవ్వింది కూడా. ఆ నవ్వు కోసం ఆమె పొద్దున్నుంచీ కసరత్తు చేసింది.

వాడు ఏడవలేదు. తల్లిని ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

సాయంత్రం వాణ్ణి మళ్లీ బారులో నిలబెడితే టేపు నిన్నటికంటే సరిగ్గా జానెడు తక్కువ చూపించింది.

"ఎవరు చేశారు బాబూ?"

"మా అమ్మ."

డాక్టరు ఇన్షిరాహ్ వైపు అసహ్యంగా చూసింది. హింసించినవాళ్లు హాస్టలు గడప తొక్కకూడదని రూలు చెప్పి, పిల్లాణ్ణి వ్యాను ఎక్కించింది. వాడు వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రాత్రి మొగుడు చావబాదుతుంటే ఇన్షిరాహ్ అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి కూడా ఎత్తలేదు.

బదావీ బాగా చదివాడు. పిల్లల కష్టాలను కొలిచే చదువే చదివి, చాలా ఏళ్లకు టేపుతో ఆ మసీదు గోడ దగ్గరికే వచ్చాడు. మనిషి నిలువెత్తు, నీడ మాత్రం అదే కురచ. బారులో పిల్లల వెనక తల నెరిసిన ఒక ఆడమనిషి నిలబడింది. ఆమె ముందుకొచ్చేసరికి రెండు నీడలూ పక్కపక్కన పడ్డాయి.

బదావీ పక్కకు జరిగి, తన నీడను ఆమె నీడకు తగలకుండా తీసుకున్నాడు.

"పెద్దవాళ్లను కొలవం," అన్నాడు. "తర్వాత ఎవరు?"