పన్నెండో ఇల్లు

"ఆ ఒక్క వాక్యం తీసేస్తే నీకు పోయేదేంది?" అని తబితా మూడోసారి అడిగింది. పెనం మీద దోసె అంచులు ఎర్రబడుతున్నాయి.

"అది లేకపోతే చరిత్రే లేదు," అన్నాడు యెషయా ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా.

ఆ వాక్యం ఇది: 'స్పెయిన్ దేశపు ఫాదర్లు, వారి వెంట వచ్చిన పన్నెండు కుటుంబాలు తప్ప మరెవ్వరూ లేని బీడులో మన ఊరు పుట్టింది.'

ఊరి పేరు ఫాదర్లకొట్టాలు. గుంటూరు నుంచి నంద్యాల పోయే రైలు దారిలో చిన్న స్టేషను. ఆ ఊరివాళ్ళు బహ్రెయిన్‌లో ఇరవై కుటుంబాల దాకా ఉన్నారు. ఏటా డిసెంబరులో ఒక శుక్రవారం హాలు అద్దెకు తీసుకుని ఊరి పుట్టినరోజు చేసుకుంటారు. ఈసారి చిన్న పుస్తకం వేస్తున్నారు. చరిత్ర రాసే పని కార్యదర్శి అయిన యెషయా మీద పడింది. రేపు పొద్దున ప్రెస్సుకు పంపాలి. వచ్చే శుక్రవారం సభలో దాన్ని చదివేది వాళ్ళ కూతురు కృప.

తబితాదీ అదే ఊరు. కాకపోతే పట్టాల అవతల, రైల్వే గ్యాంగు క్వార్టర్లు. ఆమె తాత పరశురాం రైల్వేలో కీమాన్. రోజూ సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నాలుగు మైళ్ళు నడిచి, వదులైన ఇనపచీలలు బిగించేవాడు. ఫాదర్లు వచ్చేనాటికే ఆయన అక్కడున్నాడు.

"మా తాత ఉండగా ఎవ్వరూ లేని బీడు ఎట్టయింది?"

"గ్యాంగువాళ్ళని ఊళ్ళో లెక్కెయ్యరు తబితా. బదిలీ వస్తే పోయేవాళ్ళు."

"మా తాత ఎక్కడికీ పోలా. అక్కడే పోయాడు. నా కూతురు అందరి ముందు నిలబడి, మా తాత లేడని చదవాలా?"

"వదినా, పోనీలే," అన్నాడు యెషయా తమ్ముడు థామస్. అస్కర్‌లో లేబర్ క్యాంపులో ఉంటాడు, సెలవు రోజున అన్న ఇంటికి వస్తాడు. "కార్యదర్శి అయినకాడ్నించి అన్నయ్యతో మాట్టాడాలంటే మాక్కూడా టోకెన్ తీసుకోవాల్సొస్తంది."

"నువ్వు తిను. అది నాలుగో దోసె," అన్నాడు యెషయా.

కృప తండ్రి భుజం మీదుగా చదువుతోంది. "పన్నెండు కుటుంబాలని రాశావు. పేర్లేవి డాడీ?"

పేర్లు నరసాయమ్మకు వచ్చు. యెషయా తల్లి ఆమె, విజిట్ వీసా మీద వచ్చి రెండు నెలలైంది. ఊళ్ళో పుట్టినరోజు భోజనాలప్పుడు మొదటి పంక్తిలో పన్నెండు విస్తరాకులు వేస్తారు. ఇంటిపేరు పిలిస్తే ఆ ఇంటి పెద్ద వచ్చి కూర్చోవాలి. పిలిచేది నరసాయమ్మే. మిగతా ఊరంతా రెండో పంక్తి. ఇక్కడ హాల్లోనూ అదే పద్ధతి, ఈసారి ఇక్కడ పిలిచేదీ ఆమే.

సోఫాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే ఆమె పేర్లు చెప్పింది. కృప టైపు చేసి లెక్కపెట్టింది.

"పదకొండే ఉన్నాయి నానమ్మా."

మళ్ళీ చెప్పించుకుంది. పదకొండే.

"పన్నెండో ఆకు ఫాదరుగారిదిలే," అన్నాడు థామస్. "అది ఎప్పుడూ ఖాళీనేగా."

"ఫాదరు కుటుంబం కాదుగా బాబాయ్."

ఆ ఖాళీ ఆకు అందరూ చూసిందే. ఎవరూ అడగలేదు, అంతే.

నరసాయమ్మ చేతులు ఆగాయి. "ఫాదర్లు మన పంక్తిలో ఎప్పుడు తిన్నార్రా? బంగళాలో వాళ్ళకి వంటోడు వేరే ఉండేవాడు. అది పరశురాం ఆకు."

ఆమె చెప్పుకుపోయింది.

"మా అత్త చెప్పింది. మనోళ్ళు వచ్చిన ఏడాది బావిలో నీళ్ళు పళ్ళా. పరశురాం ఎర్రజెండా చూపి గూడ్సుబండి ఆపేవాడంట. డ్రైవరు ఇంజను నీళ్ళు కడవల్లోకి వదిలేవాడంట. పైవాళ్ళకి తెలిసి ఆర్నెల్లు పనిలోంచి తీసేశారు. మొదటి పంక్తిలో ఫాదరే ఆయన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. మరుసటేడు మన పెద్దలు ఒప్పుకోలా, జ్ఞానస్నానం లేనోడని. అయితే ఆ ఆకు మాత్రం తియ్యొద్దన్నాడు ఫాదరు. తర్వాత పరశురాం జ్ఞానస్నానం తీసుకున్నా ఎవరూ పిలవలా."

తబితా పొయ్యి కట్టేసింది. "మీకు ఇన్నేళ్ళూ తెలుసా అత్తయ్యా?"

"తెలుసు."

"పెళ్ళయి పదహారేళ్ళు. ఆ ఆకు దాటుకుంటా వడ్డించాను నేను."

"చెప్తే మీవాళ్ళు మొదటి పంక్తిలో కూర్చుంటారని చెప్పలా," అంది నరసాయమ్మ. సాకులేమీ వెతుక్కోలేదు.

వాళ్ళుండే అరాద్ విమానాశ్రయానికి ఆనుకునే ఉంటుంది. ఇంటి మీదుగా విమానం వెళ్ళింది. కిటికీ అద్దాలు అదిరి ఊరుకునేదాకా అందరూ ఆగారు.

"ఇది రాస్తే మనది పోను మిగతా పది ఇళ్ళూ నా మీదికొస్తాయమ్మా," అన్నాడు యెషయా. "రుజువేదంటారు."

"నన్నడగమను. నేనింకా చావలేదుగా."

అతను స్క్రీన్ వైపు తిరిగాడు. 'మరెవ్వరూ లేని' అన్న మాటలు చెరిపేశాడు. ఆ చోట ఏం పెట్టాలో తోచనట్టు వేళ్ళు ఆగిపోయాయి. చివరికి ల్యాప్‌టాప్ తబితా వైపు తిప్పాడు.

"మీ తాత సంగతి నువ్వే రాయి. నాకంత తెలియదు."

తబితా చేతులు తుడుచుకుని కూర్చుంది. కృప పక్కకు జరిగి చోటిచ్చింది.

"శుక్రవారం వడ్డించేదెవరు మరి?" అన్నాడు థామస్. "వదిన లేకపోతే పంక్తి నడవదు."

"నువ్వు, మీ అన్న," అంది నరసాయమ్మ. ఎప్పటిలాగే మెల్లగా, అందరికీ వినపడేట్టు చెప్పింది. "పదకొండు ఇళ్ళూ పిలిచాక కీమాన్ పరశురాం ఇల్లని పిలుస్తా. తబితా వచ్చి కూర్చుంటది. ఎవరికన్నా ఇష్టం లేకపోతే వాళ్ళు రెండో పంక్తిలో తింటారు."