అర్థం తెలిశాక తప్పిన పరీక్ష

తెల్లవారితే చాలు, చింతాద్రిపేటలోని గోపాలయ్య ఇంట్లో రెండు పారాయణాలు మొదలయ్యేవి. పూజగదిలో ఆయన తల్లి అలివేలుమంగమ్మ స్తోత్రాలు చదివేది. నడవలో కూచుని ఆయన కూతురు కన్యక ఇంగ్లీషు నాటకం వల్లించేది. ఆవిడకు సంస్కృతం రాదు, ఈ పిల్లకు ఇంగ్లీషు రాదు. అయినా ఇద్దరూ ఎక్కడా తడుముకోకుండా అప్పగించేవారు. కొత్వాల్ చావిడి బజారులో పప్పుల వ్యాపారం చేసే గోపాలయ్య కాఫీ తాగుతూ రెండూ వినేవాడు. ఆయనకు రెండో పారాయణంలోనే పుణ్యం ఎక్కువని తోచేది.

"మ్యాగ్నానిమిటీ, ఇంప్లకబుల్, క్లెమెన్సీ" అంటూ కూతురి నోట గడగడా మాటలు దొర్లుతుంటే పక్కింటివాళ్లను పిలిచి మరీ వినిపించేవాడు.

"చూడండప్పా, దొరలకి గూడా నోరు తిరగదు ఈ మాటలకి!" అని మురిసిపోయేవాడు.

తల్లి చిన్నప్పుడే పోతే కన్యకను అవ్వే పెంచింది. పదకొండో తరగతి దాకా తెలుగు మీడియం. లెక్కల్లో, సైన్సులో ఆమెను మించినవాళ్లు ఆ బడిలో లేరు. పి.యు.సి.లో చేరగానే పాఠాలన్నీ ఇంగ్లీషులోకి మారిపోయాయి. కెమిస్ట్రీని మాత్రం కళ్లతో చూసి, చేత్తో చేసి పట్టుకుంది. గాజు గొట్టంలో నీళ్ల రంగు మారడానికి ఏ భాషా అక్కర్లేదు కదా! ఇంగ్లీషు పేపరుకు పెట్టిన నాటకానికి ఆ సౌకర్యం లేదు. అది మూడు వందల ఏళ్ల కిందటిది. అందులోని మాటలు సగం ఇంగ్లండులోనే ఇప్పుడెవరూ వాడరు. కాలేజీలో తమిళావిడైన లెక్చరరమ్మ నోట్సు చెప్పి రాయించేది, వీళ్లు రాసుకునేవారు. నిఘంటువు తీస్తే తెలియని మాటకు అర్థంగా తెలియని మాట ఇంకోటి కనిపించేది.

"నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదవ్వా" అని కన్యక ఒకనాడు ఏడ్చింది.

"నాకు మాత్రం అయిందా ఏంది? నోటికి పట్టించుకో. అర్థం దానంతట అదే వస్తాది" అంది అవ్వ.

"నీకెప్పుడు వచ్చింది?"

"నాకింకా రాలేదనుకో. నువ్వు చదువుకుంటా ఉండావు గదా, నీకు వస్తాది."

పిల్ల ఆ మాటే నమ్ముకుంది. నాటకం మొదటి పుట నుంచి చివరి దాకా మాటలూ అర్థాలూ వరస తప్పకుండా స్తోత్రం పట్టినట్టు పట్టింది. స్తోత్రం వచ్చినవాళ్లకు ఒక చిక్కు తెలిసే ఉంటుంది. నడిమి నామం ఏదైనా అడిగితే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. మార్చి పరీక్షలో నాలుగో అంకంలోని మాటలు అడిగారు. కన్యక ప్రతి ప్రశ్నకూ లోలోపల మొదటి అంకం నుంచి ఎత్తుకుంటూ వచ్చింది. సగం రాసిందో లేదో గంట కొట్టేశారు.

కెమిస్ట్రీలో కాలేజీకే మొదటిదిగా వచ్చింది. ఇంగ్లీషు మూడు మార్కుల్లో పోయింది. ఆ ఒక్క పేపరూ గట్టెక్కితే తప్ప బి.ఎస్సీ. కెమిస్ట్రీలో సీటు లేదు. ఆ పిల్ల ఆశలన్నీ ఆ సీటు మీదే ఉన్నాయి.

గోపాలయ్య కఠినుడు కాడు. "సెప్టెంబరుకి ఇంకో తూరి రాయి. పాసైతే సరి, నువ్వు అడిగిన చదువే చదివిస్తాను. కాకుంటే ఇంక నన్ను అడగబాకు" అన్నాడు.

ఆ సమయంలో శేషాద్రి మాస్టారు తోడు వచ్చాడు. ఆయన కన్యకకు బడిలో లెక్కలు చెప్పినవాడు, కాపురం కూవం ఏటి ఒడ్డున పక్కవీధిలో. వచ్చీ రావడంతోనే నోట్సు మూయించాడు. నాటకంలో అనుమానంతో సేనాపతిని చెరలో వేసిన ఒక ప్రభువు కథనూ, కొడుకు కోసం కోటవాకిట నిలబడి మొరపెట్టుకున్న ఆ సేనాపతి తల్లి కథనూ తెలుగులో చెప్పుకొచ్చాడు. చెబుతూ చెబుతూ ఒక్కొక్క మాట దగ్గరా ఆగేవాడు.

"ఇంప్లకబుల్ అంటే ఎంత బతిమాలినా మనసు కరగనివాడు."

"మా రేషను షాపాయన మాదిరా సార్?"

"అచ్చం ఆయనే!" అని మాస్టారు నవ్వాడు. "క్లెమెన్సీ అంటావా, అదొక రకం దయమ్మా. శిక్షించే అధికారం చేతిలో ఉండి గూడా వదిలిపెట్టే దయ. ఆ తల్లి అడిగింది అదే."

"ఇంత మంచి మాటా సార్ ఇది! ఇన్నాళ్లూ ఊరికే నమిలి ఊసినానే" అంది కన్యక. ఆ తల్లి కోసం కళ్లనీళ్లు పెట్టుకుంది. చదువంటే ఇంత సుఖంగా ఉంటుందని ఆమెకు కాలేజీలో చేరాక మళ్లీ ఇప్పుడే తెలిసింది.

సెప్టెంబరులో పరీక్ష రాసింది. ఈసారి ఎక్కడి నుంచీ ఎత్తుకోవలసిన పని లేకపోయింది. తనకు వచ్చిన ఇంగ్లీషులో, చిన్న చిన్న వాక్యాల్లో, తనకు తోచింది తోచినట్టు అన్ని ప్రశ్నలకూ రాసి, గంట కొట్టకముందే కలం మూసింది. నవ్వు మొహంతో ఇంటికి వచ్చింది.

ఫలితాలు పడిన పేపర్లో ఆమె నంబరు లేదు. కాలేజీకి పోయి కనుక్కుంటే పదకొండు మార్కులు తక్కువన్నారు. అర్థం కాకుండా రాసినప్పుడు మూడు తక్కువ, అర్థమై రాసినప్పుడు పదకొండు! లెక్కలు వచ్చిన పిల్లే అయినా ఈ లెక్క ఆమెకు తేలలేదు. వెళ్లి లెక్చరరమ్మను అడిగింది.

ఆవిడ ఏమేం రాశావో చెప్పమంది. అంతా విని తల దించుకుంది. "నువ్వు రాసింది సరిగానే ఉందమ్మా. కానీ దిద్దేవాళ్లు నోట్సులో మాటల కోసం వెతుకుతారు. చిన్న మాటల్లో రాస్తే నీకేమీ రాదనుకుంటారు. నేనూ అవి బట్టీపట్టే పాసయ్యాను. నన్నేం చెయ్యమంటావు?" అని తమిళంలో అంది. పాపం, ఆవిడా చెడ్డ మనిషి కాదు.

సాయంత్రం మాస్టారు వచ్చేసరికి గోపాలయ్య అరుగు మీద కూచుని ఉన్నాడు.

"ఇంక చాలు సార్. మీ మీద కోపం లేదు. దాని తలరాత అంతే" అన్నాడు.

వాకిలి పట్టుకుని నిలబడిన కన్యక నెమ్మదిగా అడిగింది. "సార్, మీరు నాకు ఆ కథ చెప్పకుండా ఉండింటే పాసయ్యుండేదాన్నా?"

శేషాద్రి పిల్ల వైపు చూడలేక గోపాలయ్య వైపు తిరిగాడు.

"తలరాత అనబాకండి గోపాలయ్యగారూ. ఈ పిల్లకి కెమిస్ట్రీ వచ్చు. దాన్ని చదవనియ్యకుండా ఎప్పటిదో నాటకం అడ్డం పెట్టినారు. సరే, ఆ నాటకమూ మంచిదే, చెబితే ఏడ్చింది. తనకి తెలిసిన భాషలో కాలేజీలో ఎవురైనా చెప్పినారా? తీరా అర్థమైనాక, అర్థమైందని కనుక్కునే తెలివి ఆ పరీక్షకి లేకపాయె. అర్థం కాకుండా వల్లించినోళ్లని పై తరగతికి పంపించి, అర్థం చేసుకున్నోళ్లని ఇంటికి పంపించే చదువు చదువే గాదు!"

"నిజమే సార్" అన్నాడు గోపాలయ్య. "ఎవురితో చెప్పుకునేది?"

కన్యక లోపలికి వెళ్లిపోయింది. మాస్టారు చెప్పులు తొడుక్కున్నాడు. ఆ మాటలు వినవలసినవాళ్లు ఆ అరుగు మీద ఎవరూ లేరు. అందుకే ఇక్కడ రాయవలసి వచ్చింది.