వేయని ముడి

కాశయ్య గోలుపోస్టు పక్కన గొంతుక్కూర్చుని, వలలో చిరిగిన మూడు కళ్లను ఒక్కొక్కటిగా కలుపుతున్నాడు. వెదురు సూది అతని వేళ్ల మధ్య చేపపిల్లలా జారుతోంది. కుడి చూపుడువేలికి నలభై ఏళ్లుగా దారం కోసిన గాడి, చిటికెన గోరు పట్టేంత లోతు. మంజీరలో చేపలు పట్టేవాళ్లకు వలలు అల్లడం అతని బతుకు. ఏడాదికోసారి బోధన్ మైదానంలో హాకీ పోటీలకు గోలు వలలు కట్టడమే పండగ. నాలుగో తరగతితో బడి మానేశాడు. హాకీ కర్ర ఏనాడూ పట్టలేదు. భార్య పోయిన ఏడు కూడా, పదకొండో రోజు దాటగానే తన ఊరు ఎడపల్లి జట్టు టెంపోలో, ఎప్పటిలాగే డ్రైవరు పక్కన, ఎక్కి కూర్చున్నాడు.

"ఏం కాశన్నా, గట్టిగ కట్టు! ఇయ్యాల మా గోల్‌లకు నీ వల చినిగిపోతది" అన్నాడు రాజేష్. నిజామాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణం అతనిది. టౌను జట్టు ఎక్కడాడితే అక్కడికి పదిమందిని వెంటేసుకొస్తాడు.

"ముందుగాల బాల్ గోల్ దాంక రావాలె గదా."

"చెరుకు గడకు, హాకీ కట్టెకు ఫరక్ తెల్వనోళ్లు మీరు."

"గా చెరుకు గడలతోనే పోయినేడు మూడు గోల్‌లు కొట్టినం. మర్సినవా?"

"గప్పుడు మా కెప్టెన్ కాలుకు దెబ్బ తాకె."

"ఈసారి ఏం తాకుతదో?" కాశయ్య సూది కిందపెట్టి లేచాడు. "పసుపు అంగీలేసుకొని పెండ్లి పిల్లగాండ్ల లెక్క నిలబడ్డరు. ఉరికిండ్రంటే చెమటకు రంగు కారుతది!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఆ నవ్వుతో కాశయ్యకు ఊపొచ్చింది. తువ్వాలు భుజాన వేసుకుని మైదానం సగం దాకా రాజేష్ వెంట నడిచి, పాత పోటీలన్నీ ఏకరువు పెట్టాడు. మైకులో ఆటగాళ్ల పేర్లు చదవడం మొదలయ్యాకే పరుగున వచ్చి, సూది తీసుకుని రెండో గోలు దగ్గరికి పోయాడు.

ఆట ముగియడానికి మూడు నిమిషాలుంది. చెరి ఒక గోలు. ఎడపల్లి కెప్టెన్ అఖిలేష్ ఎడమ అంచు నుంచి కొట్టిన బంతి వల లోపల కనిపించింది. అంపైరు గోలని చూపించాడు. ఎడపల్లివాళ్లు ఎగిరి గంతేశారు.

"పక్కపొంటి పొక్కలకెల్లి దూరింది!" టౌనువాళ్లు లోపలికి ఉరికారు. అంపైరు వల దగ్గరికి వచ్చి, కట్టినవాణ్ని పిలిచాడు.

కాశయ్య మోకాళ్ల మీద కూర్చుని ఎడమ పక్క వలలో వేలు పెట్టాడు. తెగిన దారం లేదు. రెండు కళ్లకు ముడులున్నాయి, మూడోదానికి లేదు. దారం కొసలు లోపలికి వంగి ఉన్నాయి. బంతి బయటి నుంచి వచ్చింది. ఆ కొసల భాష చదవగలిగినవాడు ఆ మైదానంలో మరొకడు లేడు. బంతి ముందు నుంచే వచ్చిందంటే కాదనేవాడూ లేడు.

"గోలే గదా, కాశన్నా?" అఖిలేష్ వచ్చి పక్కన వంగాడు.

"ఆయనను అడుగుడేంది? ఎడపల్లాయన! దొంగ గోల్‌కు దొంగ సాక్ష్యం" అన్నాడు రాజేష్.

కాశయ్య నెమ్మదిగా లేచాడు. "గోల్ కాదు సారూ. బయిటికెల్లి దూరింది. పొద్దుగాల ముడి ఎయ్య మర్సిన. తప్పు నాది, పోరగాండ్లది కాదు."

టౌనువాళ్లు ఈలలేసి చప్పట్లు కొట్టారు. కాశయ్య గిర్రున తిరిగాడు.

"సప్పట్లెందుకు రాజేషూ? మీరు ఆపితే ఆగిందా బాల్? నేను చెప్తే బతికిండ్రు. మా ఎడపల్లికి దొంగ గోల్ అక్కర లేదు. యాద్ పెట్టుకో!"

సొంత ఊరివాళ్లలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. "నీ నోరు పడిపోను! ఇగ మా బండెక్కకు" అన్నాడు జట్టును వెంటబెట్టుకొచ్చిన భీమన్న. కాశయ్య అప్పటికప్పుడు ఆ ముడి వేశాడు. చివరి నిమిషంలో టౌనుకు పెనాల్టీ కార్నర్ దొరికింది. దాంతో కొట్టిన గెలుపు గోలును అవతలి వల గట్టిగా పట్టుకుంది.

జనం పల్చబడ్డాక కాశయ్య వలలు విప్పసాగాడు. రాజేష్ దగ్గరికి వచ్చాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"వచ్చేయేడు మా దిక్కు రా కాశన్నా. కారు పంపుత."

"సచ్చినా ఎడపల్లే. వచ్చేయేడు నాలుగు కొడ్తం, పో."

గేటు దగ్గర టెంపో హారన్ మోగింది. కాశయ్య తల ఎత్తలేదు. ఇంజను శబ్దం ఎడపల్లి రోడ్డు వైపు సన్నగిల్లి వినపడకుండా పోయేదాకా వల మడతపెడుతూనే ఉన్నాడు. తర్వాత నడుం పట్టుకుని లేచి, వెనక్కి తిరిగాడు.

ఎడపల్లి ఆటగాళ్లు కూర్చున్న బెంచీ ఖాళీగా ఉంది. దాని కొసన, ఎగిరిపోకుండా చిన్న రాయి బరువు పెట్టి, పూరీల పొట్లం ఒకటి, ఇంకా వెచ్చగా, నూనె మరక పేపరు మీద మెల్లగా పాకుతూ.