కుమార్ వెంట్రుకల ముడుపు

కొమురవెల్లి మల్లన్నకు చెల్లించని మొక్కే నా కొడుకును తీసుకుపోయిందా అన్న అనుమానం నన్ను ఏండ్ల తరబడి వదలలేదు. దేవుడు పసివాడి మీద పగబడతాడా అని నన్ను నేనే అడిగేవాడిని. అయినా దీపం మాత్రం రోజూ పెట్టేవాడిని.

కుమార్ పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు. మూడో నెల నుంచి ఫిట్స్, మెడ నిలవలేదు. కొండదాకా ప్రయాణం తట్టుకోలేడని ఇంట్లోనే పుట్టువెంట్రుకలు తీయించి, పసుపుగుడ్డలో ముడుపు కట్టాం. కోలుకున్నాక తెస్తామని మొక్కుకున్నాం. ఆ వారమే పరిశోధనవాళ్లు మా శామీర్‌పేటకు వచ్చి జబ్బుపిల్లల రక్తం తీసుకుపోయారు. ఏం జబ్బో తెలియకముందే వాడు పోయాడు. ముడుపు దేవుని గూట్లో ఉండిపోయింది.

ఇప్పుడు వాడి అక్క కావ్యకు మూడో నెల. తమ్ముడిది ఏ జబ్బో తెలిస్తేనే కడుపులో బిడ్డకు పరీక్ష చేయగలమని, ఆలస్యమైతే లాభం లేదని డాక్టరు చెప్పాడు.

అందుకే ముగ్గురం అప్పుడు రక్తం తీసుకుపోయిన పరిశోధన కేంద్రంలో సుప్రజ మేడం దగ్గరికి పోయాం. పాత పరిశోధనల వివరాలన్నీ ఒక్కచోట చేర్చి, ఏ ఆసుపత్రివాళ్లు వెతికినా దొరికేలా చేయడం ఆమె పని.

"పేర్లు తీసేసి నంబర్లు వేశారండి. ఏ నంబరు ఎవరిదో చెప్పగలిగిన ప్రొఫెసరు గారు ఇప్పుడు లేరు. బాబు గురించి ఇంకేమన్నా గుర్తుందా?" అంది.

"ఎంటికలు," అంది నా భార్య బాలనర్సమ్మ. "తెల్లగ, పీచు లెక్క ఉండేటివి. నూనె పెడ్తలేవని మా అత్త నన్నే తిట్టేది."

సుప్రజ తలెత్తి చూసింది. వెంట్రుకలు అలా మారే జబ్బు ఒకటుందట. వెతికింది. అలాంటి వెంట్రుకలున్న పిల్లవాడు ఒక్కడూ దొరకలేదు.

"ఎట్ల దొరుకుతడు మేడం?" అన్నాను. "గుండు జేయించినంకనే గదా మీవోళ్లు జూసింది."

ఆమె మళ్లీ వెతికింది. శామీర్‌పేట పిల్లవాడు, ఫిట్స్, తల మీద వెంట్రుకలు లేవు. ఒక్కడే.

"రక్తంలో ఒక జన్యు మార్పు ఉంది. కానీ ఇలాంటిది ఇంకెక్కడా నమోదు కాలేదు. జబ్బు తెచ్చింది ఇదేనా అన్నది వెంట్రుక చూస్తేగానీ చెప్పలేనండి."

ఇంటికొచ్చి గూటి ముందు నిలబడ్డాను.

"అది మల్లన్న సొమ్ము," అంది బాలనర్సమ్మ. "ఆయన ముంగట గాక ఇంకెక్కడన్న ఇప్పుతరా? ఒక్కసారి మొక్కు తప్పి పరేషానయింది సాలలేదా నీకు?"

"నా కోసమే గదనే అమ్మా," అంది కావ్య.

స్వామీ, నాలుగు వెంట్రుకలు బదులియ్యి, మళ్లీ తెచ్చిస్తా అని మొక్కి ముడుపు అందుకున్నాను. ముడి రాలేదు.

"జరుగు," అంది బాలనర్సమ్మ. "కట్టింది నేను, ఇప్పేది గూడ నేనే."

సుప్రజ ఆ వెంట్రుకను పెద్దది చేసి చూపింది. పేనిన తాడులా మెలికలు తిరిగి ఉంది. జబ్బు అదే. మా రక్తాలతో పోల్చితే ఆ నంబరు మా కుమార్‌దేనని తేలింది. ఆ మార్పు బాలనర్సమ్మలోనూ ఉంది. తల్లికి ఏమీ కాకపోయినా కొడుకులకు జబ్బుగా రావచ్చట.

"అంటే నా నుంచే వచ్చిందా బిడ్డా?" అని సుప్రజను అడిగింది.

"మీ తప్పు కాదు పిన్నిగారూ. బాబు పుట్టకముందే ఉందది."

పుట్టకముందే. మొక్కుకంటే ముందే. ఆ మాట నేను లోపల పదే పదే అనుకున్నాను.

ఇక కావ్యలోనూ ఆ మార్పు ఉందా అన్న పరీక్ష ఒక్కటే మిగిలింది. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరి ఫోను మోగినా ముగ్గురం లేచేవాళ్లం. చివరికి సుప్రజే చేసింది.

"కావ్యకు లేదు. బిడ్డకు రాదు."

బాలనర్సమ్మ కావ్యను దగ్గరికి తీసుకుంది.

పేరు లేకుండా కుమార్ వివరాలు మిగతా ఆసుపత్రులకు కూడా అందుబాటులో పెట్టవచ్చా అని సుప్రజ అడిగింది.

"పెట్టుండ్రి," అంది బాలనర్సమ్మ. "కానీ ఎంటికలు లేవన్నది దిద్దుండ్రి. మొక్కుకు తీసినం, అవి గిట్ల ఉండేటివని రాయుండ్రి. రేపు ఇంకో తల్లి అడిగితే దొరకాలె."

దిద్ది, మాకు చదివి వినిపించింది.

ఆదివారం కరీంనగర్ బస్సెక్కి, దారిలో దిగి, ఆటోలో కొండకు చేరాం. బాలనర్సమ్మ ముడుపు మీద బండారి పసుపు చల్లి మల్లన్న ముందు పెట్టింది. సుప్రజ తిరిగిచ్చిన నాలుగు వెంట్రుకలూ అందులోనే ఉన్నాయి.