ఎల్లమ్మ తొక్కిన నడుములు

"ఎత్తు. నొప్పో నాటకమో ఇప్పుడే తేలిపోద్ది," అన్నాడు వెంకటనారాయణ.

మాదాపూర్ గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. తొంభై ఎనిమిది ఎండాకాలం. పొద్దున హాజరు వేళ, కూలీలంతా చూస్తుండగా, కాంట్రాక్టరు వెంకటనారాయణ ఒక సిమెంటు బస్తాను బూటు కాలితో చూపించి ఓదెలును ఎత్తమన్నాడు. ఒక చేతిలో ఇటుకంత సెల్‌ఫోను, ఇంకో చేతిలో జీపు తాళాలు.

చలికాలంలో పరంజి మీద చెక్క జారి, పై అంతస్తు నుంచి ఇసుక కుప్ప మీద పడ్డవాడు ఓదెలు. ఇసుక మీద పడ్డాడు కనుక బతికిపోయాడు, అదృష్టవంతుడన్నారు అందరూ. ఆ అదృష్టమే ఇప్పుడు అతని ప్రాణం తీస్తోంది. కాలు విరిగి ఉంటే కట్టు కనిపించేది, చెయ్యి పోయి ఉంటే ఖాళీ చొక్కా చెయ్యి కనిపించేది. నడుములో నొప్పి ఎవరికి కనిపిస్తుంది? కూర్చుంటే లేవలేడు, లేస్తే నిలబడలేడు. కాంట్రాక్టరు తీయించిన ఎక్స్‌రే ఫోటోలో మాత్రం ఎముకలన్నీ బంగారంలా ఉన్నాయట.

తట్ట చంకన పెట్టుకుని అక్కడే నిలబడి ఉంది ఓదెలు భార్య కనకమ్మ. ఉన్న గుడిసె కాంట్రాక్టరుది. పని పోతే గుడిసె పోతుంది. కరీంనగర్ జిల్లాలో వదిలి వచ్చిన ఊళ్ళో ఎండిన బావి తప్ప ఏమీ లేదు. అసలు మాట చెప్పాలంటే ఆమెకూ విసుగొచ్చింది. నిన్న కూర్చున్నవాడు ఇవాళ పడుకుంటాడు, పొద్దున నడిచినవాడు పొద్దుగూకే వేళకు మూలుగుతాడు. ఇదేం నొప్పి, దీనికో వేళాపాళా లేదా అని ఎన్నిసార్లు అనుకుందో.

"ఎత్తరాదు. జరసేపే గద," అంది మొగుడితో.

ఓదెలు ఆమె వైపు ఒక్కసారి చూశాడు. పళ్ళు బిగించి, బస్తా భుజాన వేసుకుని లేచాడు.

వెంకటనారాయణ చప్పట్లు కొట్టాడు. "చూశారా? నొప్పున్నోడు ఎత్తగలడా? ఇన్నాళ్ళూ మమ్మల్ని వెర్రోళ్ళని చేశాడు. ఈ సోమవారం కాదు, పై సోమవారం స్లాబు. లైన్లో నిలబడి కాంక్రీటు మాలు అందిస్తే ఉంటాడు, లేదా గుడిసె ఖాళీ చేస్తాడు."

ఎత్తకపోతే పనికిరానివాడు, ఎత్తితే అబద్ధాలకోరు. గోడదెబ్బ, చెంపదెబ్బ రెండూ ఒక్కడికే. జీపు కదిలేసరికి బస్తా జారింది, దాని వెనకే ఓదెలు మోకాళ్ళ మీద కూలాడు. పాకుతూ గుడిసె దాకా వెళ్ళాడు. అంతమంది చూశారు, ఒక్క నోరూ లేవలేదు. కనకమ్మకు మొగుడి మీద కాదు, తన నోటి మీద తనకే మంట పుట్టింది.

ఆ ఆదివారం ఆమె ఎల్లమ్మను పిలుచుకొచ్చింది. ఎల్లమ్మ వాళ్ళ గుంపులోనే ఇసుక జల్లించే ముసలిది. ఎదురుకాళ్ళతో పుట్టింది. అలా పుట్టినవాళ్ళు కాలితో తొక్కితే నడుం పట్టు విడుస్తుందని మనవాళ్ళ నమ్మకం. ఆదివారమైతే మరీ మంచిది. ఓదెలును బోర్లా పడుకోబెట్టి, ఎడమ కాలితో నడుం మీద మూడుసార్లు తొక్కింది ఎల్లమ్మ. మూడోసారికి ఓదెలు అరిచిన అరుపు పక్క గుడిసెల దాకా వినిపించింది. ఆ తర్వాత పక్కకు తిరగడం కూడా కష్టమైంది.

గోపన్‌పల్లి వైపున్న యూనివర్సిటీలో చదివే స్రవంతి, విద్యార్థి సంఘం పిల్ల, ఆదివారాలు గుడిసెల్లో చదువు చెప్పడానికి వచ్చేది. ఓదెలు పరిస్థితి చూసి ఊరుకోలేదు. మర్నాడే మొగుడూ పెళ్ళాలను షేర్ ఆటోలో ఎక్కించి పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడి డాక్టరమ్మ ఓదెలును నిలబెట్టి, వంచి, కాళ్ళు ఎత్తించి చూసింది. పరంజి మీంచి పడ్డదీ, ఎల్లమ్మ తొక్కిందీ అడిగి తెలుసుకుంది. తెచ్చిన ఎక్స్‌రే ఫోటో వెలుగుకు పెట్టి చూసింది.

"బొక్క విరగలేదు," అంది.

కనకమ్మ ఒకడుగు ముందుకేసింది. "అంటే నొప్పి లేనట్టేనా అమ్మా?"

"ఎవరన్నారు? నడుం అంటే ఒక్క బొక్కేనా? చుట్టూ కండలుంటయి, నరాలుంటయి. బొక్కకూ బొక్కకూ మధ్య మెత్తటి దిండుంటది. ఈ ఫోటోలో అవేవీ పడవు. దొంగలు పడ్డ ఇంట్లో తర్వాత పిల్లి దూకినా అందరూ లేచి కూర్చుంటరు చూడు, దెబ్బ తిన్న నరం అట్లనే ఉంటది. దెబ్బ మానినా దాని బెదురు పోదు. చిన్న పనికే పెద్ద నొప్పి చూపిస్తది. ఒకరోజు తగ్గుతది, ఒకరోజు ఎక్కువైతది. అది నాటకం కాదు, ఆ నొప్పి తీరే అంత."

"కని బస్తా ఎత్తిండమ్మా."

"ఎత్తినంక ఏమైందో ఎవరన్నా చూసిన్రా?"

కనకమ్మ తల దించుకుంది. ఓదెలు మాత్రం గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఇన్నాళ్ళకు ఒక మనిషి నమ్మింది.

"ఇట్లా తొక్కించకండి. మంచం మీదే ఉంచినా బిగుసుకుపోతడు. నేను చెప్పిన కసరత్తు చెయ్యాలె. తేలిక పనితో మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచాలె. బరువులు ఇప్పుడే వద్దు," అంది డాక్టరమ్మ.

తేలిక పని! దవాఖాన మెట్లు దిగుతూ కనకమ్మ పళ్ళు కొరికింది. మందు రాసిచ్చినంత సులువుగా రాసిచ్చింది తల్లి. ఆ మందు దవాఖానలో దొరకదు, వెంకటనారాయణ దగ్గర ఉంది.

అయినా పోయి అడిగింది. కట్టిన గోడలకు నీళ్ళు కొట్టే పని ఉంటుంది, పైపు పట్టుకుని నిలబడితే చాలు. అది ఇప్పించమంది. వెంకటనారాయణ కుర్చీలో వెనక్కి వాలాడు.

"నీళ్ళు కొట్టే పనికి మనిషున్నాడమ్మా. అయినా మీ ఆయన నడుం చెడగొట్టింది నేనా? మీ ఎల్లమ్మ తొక్కి విరగ్గొట్టిందని సైటంతా చెప్పుకుంటున్నారు. పోయి ఆవిణ్ణడుగు. నా బిల్డింగుకేం సంబంధం?"

కుక్కను చంపాలంటే పిచ్చిదని పేరు పెడితే చాలు. కనకమ్మ కాంట్రాక్టరు మాట పట్టుకుని సరాసరి గుడిసెల దగ్గరికొచ్చింది. కూలీలంతా పని దిగి బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు.

"నీ కాలు పడ్డంకనే మా ఆయన లేస్తలేడు," అంది ఎల్లమ్మ మీదికి పోయి. "నడుం తొక్కినవా, మా బతుకు తొక్కినవా?"

జనం మూగారు. కొందరు ముసలిదాన్ని తప్పు పట్టారు, కొందరు కనకమ్మను. ఎల్లమ్మ చేతులు తుడుచుకుంది.

"నాది తప్పైతే తప్పే బిడ్డా. ఇగ ఎవ్వల నడుం తొక్క. కని ఒక్కటి చెప్పు. పరంజి మీద చెక్క జారంగ ఆడ నా కాలున్నదా? ఎవలు కట్టిన్రు దాన్ని? అడ్డకట్టె ఎందుకు లేదు?"

అప్పుడు ఎల్లమ్మ జనం వైపు తిరిగింది.

"అందరు ఓదెలును చూస్తున్రు గని, రాజేశం, నువ్వెందుకొచ్చినవ్ నా కాడికి? ఎవ్వలకు చెప్పకని చెయ్యి పట్టుకుంటివి గద. సురేష్, నీ పెండ్లాంకు తెల్వకుంట వస్తివి. ఏం రజితా, నవ్వుతున్నవ్, నీ నడుం మీద నా కాలు పడలేదా? గీ సైటుల నేను తొక్కని నడుం ఉన్నదా?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రతివాడూ తనొక్కడికే ఈ రోగమనుకున్నాడు. ఆదివారం చీకటితోనే, గోడ చాటున, దొంగల్లా వచ్చి తొక్కించుకుని పోయారు. బయటపడితే పని ఇవ్వరన్న భయం.

రాజేశం గుంపు మేస్త్రి. అతనే ముందు నోరు విప్పాడు. "నాకున్నది. చెప్తే గుంపు ఇంకొకనికి ఇస్తడని చెప్పలే."

"పని చేసేటోనికి నడుం నొయ్యదా? గిదేమన్న కొత్తనా?" అన్నాడు సురేష్ చిరాకుగా. "మా నాయినకు నొచ్చింది, మా తాతకు నొచ్చింది."

"నొచ్చుడు పాతదే," అంది కనకమ్మ. డాక్టరమ్మ మాటలు ఆమెలో అప్పటికి ఉడికి ఉన్నాయి. "నొస్తలేదని బస్తా ఎత్తించి చూసుడు కొత్తది. ఆయన పడ్డనాడు మనం పని ఆపినమా? బస్తా కింద కూలిననాడు ఒక్కలన్న ఉరికొచ్చిన్రా? నేనే ఎత్తుమన్న, ఇగ మిమ్ములనేం అందు."

ఓదెలును చూడడానికి వచ్చిన స్రవంతి ఆ సాయంత్రం అక్కడే ఉంది. ఏం అడగాలో తేల్చుకోండి అంది. వాదించుకున్నారు, తిట్టుకున్నారు. కాంట్రాక్టరు పాలమూరు నుంచి వేరే గుంపును దింపుతాడని ఒకడు, దింపితే వాళ్ళ నడుములేం ఇనుపవా అని ఇంకొకడు. చివరికి తేలింది మూడు మాటలు. దెబ్బ తగిలినవాళ్ళకు తేలిక పని ఇవ్వాలి, వైద్యం చేయించాలి, పరంజికి అడ్డకట్టెలు కట్టించాలి.

"ఉట్టిగ అడిగితే దున్నపోతు మీద వానే," అన్నాడు రాజేశం. "స్లాబు నాడు అడుగుదాం."

అంతమందికీ అర్థమైంది. గోడ పని ఇవాళ ఆపి రేపు చేయొచ్చు. స్లాబు అలా కాదు. పోయడం మొదలైతే ఆగకూడదు. సగంలో ఆగితే మాలు గట్టిపడుతుంది, అతుకు దగ్గర పగులుతుంది, అంతా పగలగొట్టి మళ్ళీ పోయాలి.

స్లాబు సోమవారం పొద్దున మిక్సర్ తిరిగింది. కింది నుంచి పై దాకా మెట్టుకొకరు నిలబడి మాలు తట్టలు అందిస్తున్నారు. స్రవంతి కూడా పొద్దున్నే వచ్చి మిక్సర్ పక్కన నిలబడింది. ఓదెలు లైన్లోకి రాలేదు. వెంకటనారాయణ మనుషులు గుడిసె మీదికి పోయి సామాన్లు బయటికి విసరడం మెట్ల మీద నుంచి కనకమ్మ చూసింది. వంట గిన్నె దొర్లుకుంటూ వచ్చి కంకర్లో పడింది.

ఆమె చేతిలో తట్ట ఉంది. దాన్ని పైవాడికి అందించలేదు. మెట్టు మీద పెట్టి, పక్కన కూర్చుంది.

కింద రజిత కూర్చుంది. పైన సురేష్ కూర్చున్నాడు. లైనంతా కూర్చుంది. మిక్సర్ ఒక్కటే గిరగిరా తిరుగుతోంది.

వెంకటనారాయణ అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే మనిషి. మొదట బూతులు తిట్టాడు. ఎండ ఎక్కి మాలు బిగుస్తుంటే గొంతు మారింది. మెట్లెక్కి కనకమ్మ దగ్గరికి వచ్చాడు.

"చూడమ్మా, మీ ఆయన్ని ఉంచుకుంటాను. నీళ్ళు కొట్టే పని ఇస్తాను. గుడిసె మీదే. సామాన్లు మావాళ్ళే సర్దుతారు. ముందు నువ్వా తట్ట ఎత్తు, మిగతావాళ్ళూ లేస్తారు."

ఆమె అడిగిందంతా అదే. ఇన్నాళ్ళూ ఏ మాట కోసం తిరిగిందో ఆ మాట కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఎత్తితే చాలు, రాత్రికి మొగుడు నీడన పడుకుంటాడు. చెయ్యి తట్ట వైపు పోయింది కూడా. కింద రాజేశం మెట్టు మీద పక్కకు ఒరిగి, నడుం నొక్కుకుంటూ ఆమెనే చూస్తున్నాడు. ఎత్తొద్దని ఎవరూ అనలేదు.

"మా ఆయనకొక్కనికి వద్దు సార్," అంది. "దెబ్బ తగిలినోళ్ళందరికి తేలిక పని, వైద్యం ఇస్తనని రాసియ్యి. పరంజికి అడ్డకట్టెలు కట్టియ్యి. రేపు పడేటోడు ఎవడో మాకు తెల్వది గద."

వెంకటనారాయణ సెల్‌ఫోను చెవికి పెట్టుకుని దిగిపోయాడు. కాసేపటికి పోలీసు వ్యాన్ వచ్చింది. కనకమ్మనూ రాజేశాన్నీ స్రవంతినీ ఎక్కించుకుని పోయింది.

ఠాణాలో ముగ్గురినీ కింద కూర్చోబెట్టారు. "మీవాళ్ళు ఈపాటికి తట్టలెత్తి ఉంటారు," అన్నాడు ఎస్సై తాపీగా. "ఎవరి పొట్ట వాళ్ళది."

సైటు నుంచి ఠాణాకు ఎంత దూరం? మామూలు మనిషి బీడీ కాల్చుకుంటూ వచ్చేంత. మధ్యాహ్నం దాటింది, ఎవరూ రాలేదు. కనకమ్మ కిటికీ వంక చూసీ చూసీ విసిగిపోయింది. చేతికొచ్చినదాన్ని కాలదన్నుకున్నానా, వీళ్ళను నమ్మి మొగుణ్ణి రోడ్డున పడేశానా అని లోలోపల కుమిలింది. రాజేశం ఆమె ముఖం చూడలేక గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా రోడ్డు మీద నినాదాలు వినిపించాయి. కనకమ్మ లేచి చూసింది. సైటులో ఉన్నది గుప్పెడు మంది. వస్తున్నది రోడ్డు నిండా జనం. తలపాగాల మీద సిమెంటు దుమ్ము, ఆమె ఎన్నడూ చూడని ముఖాలు. నానక్‌రామ్‌గూడ వైపు రాళ్ళు కొట్టేవాళ్ళూ ఉన్నారు. అందరికంటే ముందు ఓదెలు, ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చెయ్యి ఎల్లమ్మ భుజం మీద వేసి, అడుగు తీసి అడుగు వేస్తూ వస్తున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో అతను ముందు నడవగా జనం వెనక నడవడం ఆమె చూడలేదు.

ఎస్సై వరండాలోకి వచ్చాడు. "పొద్దుననగా బయల్దేరారని మీ కాంట్రాక్టరు ఫోన్ చేశాడు, ఇప్పుడా వచ్చేది? ఇంతసేపూ దారిలో ఏం చేశారు?"

ఎల్లమ్మ ఊపిరి తీసుకుంది.

"మా ముందట నడిచేటోనికి నడుం నొస్తది సారూ. ఆయన ఆగిన కాడల్లా ఆగినం. ఆగిన కాడల్లా ఏందని అడిగిన్రు, చెప్పినం. తొవ్వపొంటి బిల్డింగులోళ్ళంత తట్టలు దించి మా ఎంబడి వచ్చిన్రు."

గేటు మూయమని ఎస్సై కానిస్టేబుల్‌కు చెప్పాడు. అప్పటికే గేటు లోపలా బయటా జనమే నిలబడి ఉన్నారు, మూయడానికి వీల్లేకపోయింది.