నిచ్చెన కమ్మీలు

కమ్మీల దగ్గరికి రాగానే లూషస్ గడ్డి కోసే యంత్రాన్ని ఆపేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి కత్తెర తీసి, మొదటి కమ్మీ చుట్టూ మొలిచిన గడ్డిని చేత్తో కత్తిరించసాగాడు. పార్కు మధ్యలో నేలలోంచి నడుమెత్తు లేచి, వంగి, మళ్ళీ నేలలోకి దిగిపోయిన రెండు ఇనుప కమ్మీలవి. వాటి కింద నిచ్చెన ఉంది. నిచ్చెన కింద, మట్టితో పూడ్చేసిన ఈతకొలను ఉంది. ఊరందరి కొలను అని దాని పేరు. దిగనిచ్చింది మాత్రం తెల్లవాళ్ళనే.

లూషస్‌కి అరవై దాటాయి. పొట్టి వేళ్ళు, ఎడమ మోకాలికి పట్టీ, మెడ మీద ఎప్పుడూ ఒక తువ్వాలు. పార్కులో పనికి చేరిన నాటినుంచీ ఈ గడ్డి అతనిదే. కమ్మీలు కోసి పారెయ్యమని ఇద్దరు అధికారులు వేర్వేరు కాలాల్లో చెప్పారు. ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పాడు: "రంపం మొద్దుబారిందండీ." ఏటా చలి తగ్గగానే వాటికి వెండిరంగు వేస్తాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం పార్కు షెడ్డు కింద సభ ఉంది. ఈ చోట తారు పోసి కార్లు నిలుపుకోవాలా, కొలను తవ్వి తియ్యాలా అన్నది ఊరి పెద్దలు తేలుస్తారు.

"ఇవాళైనా నోరు విప్పు" అంది పొద్దున్న భార్య వెర్నెల్, డబ్బాలో మొక్కజొన్న రొట్టె సర్దుతూ. "ఇన్నేళ్ళు కాపరం చేశాను. మీ తమ్ముడి సంగతి మీ అమ్మ చెబితే తెలిసింది గానీ నువ్వు చెప్పావా?"

"చెబితే ఏమొస్తుందే?"

"చెప్పకపోతే తారొస్తుంది."

రెండో కమ్మీ మొదలుపెట్టేలోగా షెడ్డులోంచి పిలుపు వచ్చింది. కత్తెర జేబులో వేసుకుని వెళ్ళి వెనక నిలబడ్డాడు.

ఇమానీ అనే నల్లపిల్ల మాట్లాడుతోంది. బళ్ళో పాఠాలు చెబుతుంది. "తెల్లవాళ్ళుగా మీకు పుట్టుకతో వచ్చిన వెసులుబాటు మీ కంటికి ఆనదు. అందుకే లేదంటారు."

ఇనుప సామాన్ల కొట్టు హాడ్లీ లేచాడు. ఎండకు కందిన తెల్లమొహం ఇంకా ఎర్రబడింది. "ఏం వెసులుబాటమ్మా? మా నాన్న మిల్లులో దూది పీల్చి పీల్చి పోయాడు. కొలను పూడ్చింది నేనా? నాకప్పుడు పదేళ్ళు. పూడ్చాక నాకూ లేకుండా పోయింది."

"తెల్లవాళ్ళ క్లబ్బులో కొలనుందిగా మీకు!" అన్నారెవరో వెనకనుంచి.

"క్లబ్బా! మా నాన్న చెప్పులు చూస్తే అక్కడి కుక్క కూడా మొరిగేది." రెండు వైపులా నవ్వారు. హాడ్లీకి ధైర్యం వచ్చింది. "పూడ్చకముందు ఈ కొలనులోనే ఈత నేర్చుకున్నాను. అది నేరమా? లూషస్, నువ్వు చెప్పు. ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నావు. నిన్నెవరైనా ఒక్క మాటన్నారా?"

"లేదండీ, హాడ్లీ గారూ."

ముందు వరసలో కూర్చున్న వెర్నెల్ తల దించుకుంది. లూషస్ మెడ మీది తువ్వాలు తీసి చేతుల్లో మడిచాడు. ఒక అడుగు ముందుకు వచ్చాడు.

"నాకూ అప్పుడు పదేళ్ళే. నల్లవాళ్ళనీ దిగనివ్వాలని కోర్టు చెప్పిందని చర్చిలో అన్నారు. మా అమ్మ పాత పరదా చింపి నాకూ మా తమ్ముడికీ ఈత నిక్కర్లు కుట్టింది. పొద్దున్నే తువ్వాళ్ళు భుజానేసుకుని వచ్చాం. లారీలు కొలనులో మట్టి పోస్తున్నాయి. 'మనకోసమే బాగుచేస్తున్నారన్నా' అన్నాడు మా ఎజెల్. సరేనని కంచె పక్కన కూర్చున్నాం. పొద్దుగూకిందాకా కూర్చున్నాం. ఆ కమ్మీలు తప్ప ఏమీ మిగల్లేదు."

తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడిచాడు.

"కొత్త నిక్కరు కదండీ. వాడు ఆగలేకపోయాడు. ఆ ఆదివారం ఏట్లో దిగాడు. నాకు ఈత రాదు. ఒడ్డున నిలబడి అరిచాను."

హాడ్లీ ఇంకా నిలబడే ఉన్నాడు.

"నాకు వచ్చు" అన్నాడు మెల్లగా. "పదేళ్ళకే నాకు ఈత వచ్చు." కుర్చీ తడుముకుని కూర్చున్నాడు.

తారు వద్దని తేలింది. తవ్వే మాట వచ్చే ఏడాది చూద్దామన్నారు.

జనం కదిలాక వెర్నెల్ అతని మోచెయ్యి పట్టుకుంది. "ఇంటికి పద. బెండకాయలు వేపుతాను."

"నువ్వు నడుస్తుండు. ఒక కమ్మీ మిగిలిపోయింది."

రెండో కమ్మీ చుట్టూ గడ్డి శుభ్రంగా కత్తిరించాడు. తువ్వాలు కమ్మీ మీద ఆరేశాడు. దానికి వీపు ఆనించి, కొలను ఉండాల్సిన వైపు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఎండ ఇంకా చురుక్కుమంటోంది.

బెండకాయలు చల్లారిపోయాక వెర్నెల్ వెతుక్కుంటూ వచ్చింది. అతను అలాగే ఉన్నాడు. గడ్డం గుండెకు ఆనింది. కత్తెర ఒళ్ళో ఉంది. పిలిచింది, చల్లబడిన చెయ్యి పట్టుకుంది, పక్కనే కూలబడిపోయింది.

అంబులెన్సు వచ్చి వెళ్ళింది. యంత్రాన్ని ఎవరో షెడ్డులోకి తోశారు. తువ్వాలు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. చెమటకు తడిసిన ఆ తువ్వాలు, ఎవరో ఇప్పుడే నీళ్ళలోంచి ఎక్కివచ్చి ఆరేసుకున్నట్టు, వెండిరంగు కమ్మీ మీద మెల్లగా ఆరుతోంది.