రెండు ప్రాసెసర్ల పెట్టె

మూడు నెలలుగా ఆ ఇంట్లో ఒకటే సతాయింపు. ఇంటి నుంచే యానిమేషన్ బొమ్మలు చేసే మొగుడికి రెండు ప్రాసెసర్ల కంప్యూటర్ కావాలి. పొద్దున రాసుకున్న మదర్‌బోర్డు పేరు మధ్యాహ్నానికి కొట్టేస్తాడు. కంచం ముందు కూర్చుని కూడా ఫ్యాన్ల గురించి గొణుగుతాడు. కుట్టుమిషన్ ముందున్న పెళ్లానికి తల వాచిపోయింది.

ఎట్టకేలకు విడిభాగాలన్నీ వచ్చాయి. తీరా చూస్తే మదర్‌బోర్డు క్యాబినెట్‌లో పట్టలేదు. ఒక్క ప్రాసెసర్ చాలనుకున్న మొదటి వారంలో కొన్న క్యాబినెట్ అది. దాన్ని మార్చాలని ఆయనకు తట్టనేలేదు.

ఆమె మెడలోని టేపు తీసి కొలిచింది. "మూడంగుళాలు తక్కువ. కొలతలు చూడకుండా గుడ్డ కోసేవాళ్లలో మిమ్మల్నే చూశా!"

నెత్తి పట్టుకుంటాడనుకుంది. ఆయన కళ్లు మెరిశాయి.

"అయితే క్యాబినెట్ మళ్లీ వెతకాలన్నమాట!" అంటూ కొత్త కాగితం తీశాడు.

"ఇంకో మూడు నెలలా!" అంటూ ఆమె టేపు ఆయన చేతిలో పెట్టింది.